బెజవాడ, గుంటూరు లాయర్లకు బహిరంగ లేఖ: బుడమేరు మన ఫైళ్లలోకి వచ్చింది

సీనియర్లకు నమస్కారం. తోటి లాయర్లకు, కొత్తగా ఎన్‌రోల్ అయిన జూనియర్లకు శుభాకాంక్షలు.

అద్దె తగాదాలు, భాగపంపకాలు, ఇన్సూరెన్స్ పేచీలు చూసుకునే మామూలు సివిల్ లాయర్ని నేను. బార్ రూములో వాతావరణ మార్పు ప్రస్తావన వస్తే మనలో ఎక్కువమంది ఒకటే అంటారు: "అదంతా పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ వ్యవహారం, చెన్నైలో చూసుకునేవాళ్లు ఉన్నారు." ఆ మాట మీదే నా పేచీ.

మన చట్టాలు చాలావరకు ఒక నమ్మకం మీద నడుస్తాయి. వాన, ఎండ, నది ఒక హద్దులో ఉంటాయని, ఎప్పుడో ఒకసారి హద్దు దాటితే దానికి మినహాయింపు ఇస్తే చాలని. కాంట్రాక్టు చట్టమైనా, అద్దె చట్టమైనా, బీమా పాలసీ అయినా, నదీ జలాల పంపకమైనా అంతే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచుతుంది. ఆ తేమ కురిసినప్పుడు ఎలా ఉంటుందో మనం చూశాం. హద్దు దాటడం మామూలైపోతుంటే మినహాయింపు ఎవరికి, బాధ్యత ఎవరిది అన్నది ప్రతి శాఖలోనూ మళ్లీ వాదించుకోవాల్సిందే. వాదించాల్సినవాళ్లం మనమే.

2024 సెప్టెంబర్ సంగతి గుర్తు చేయనక్కర్లేదు. ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడ్డాయి. మర్నాటికి బుడమేరు వాగు బెజవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీలను ముంచేసింది. గట్టు మూడుచోట్ల తెగింది. ఆర్మీ వచ్చి గండ్లు పూడ్చేసరికి సెప్టెంబర్ 7. ఇంకోపక్క ప్రకాశం బ్యారేజీకి 11.4 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. బ్యారేజీ కట్టినప్పుడు వేసుకున్న లెక్కే 11.9 లక్షలు. నీళ్లు తీశాక మన ఆఫీసుల ముందు క్యూ కట్టిన కాగితాలు ఏమిటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వాటిలో ఒక్కటైనా పర్యావరణ కేసు ఉందా?

ముందు అద్దె. సింగ్‌నగర్‌లో కింది అంతస్తులో అద్దెకు ఉండే కుటుంబాన్ని తీసుకోండి. పది రోజులు ఇల్లు నీళ్లలో ఉంది. ఇంకో నెల బురద, పాములు, కరెంటు లేదు. ఓనరు సెప్టెంబర్ అద్దె అడిగాడు. ఇవ్వాలా? ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 108(ఇ) వరద పేరెత్తి మరీ చెబుతుంది: ఆస్తిలో ముఖ్య భాగం పూర్తిగా నాశనమైతేనో, శాశ్వతంగా పనికిరాకుండా పోతేనో అద్దెదారు లీజును రద్దు చేసుకోవచ్చు. 1882 నాటి చట్టం అది. అప్పటి వరద ఇంటిని పడగొట్టేది, లేదా తెల్లారేసరికి తీసేది. మన వరద ఇల్లు నిలబెట్టి, లోపలంతా పాడు చేసి పోయింది. ఇల్లు పోలేదు, శాశ్వతంగా పాడవలేదు, ఉండటానికి మాత్రం వీల్లేదు. ఆ సెక్షన్‌లో ఈ కుటుంబానికి చోటు లేదు. పోనీ కాంట్రాక్టు చట్టం సెక్షన్ 56 కింద అసాధ్యమైపోయిందని వాదిద్దామంటే, లీజుకు ఆ సెక్షన్ వర్తించదని రాజా ధ్రువ్ దేవ్ చంద్ కేసులో సుప్రీంకోర్టు 1968లోనే తలుపు మూసింది. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇలాంటి విపత్తు వస్తే ఇల్లు మళ్లీ నివాసయోగ్యం అయ్యేదాకా అద్దె వసూలు చేయకూడదని ఉంది. నమూనా కాబట్టి రాష్ట్రం తీసుకుంటేనే దానికి ప్రాణం. అప్పటిదాకా? మనం రాసే పదకొండు నెలల అగ్రిమెంటులో రెండు వాక్యాలు చేరిస్తే సరిపోతుంది. ముంపు వస్తే ఎన్ని రోజులు అద్దె ఆగాలి, రిపేరు ఎవరిది, అడ్వాన్సు ఎప్పుడు వెనక్కి. కానీ ఆ పాత ఫార్మాటునే డీటీపీ సెంటర్లో పేర్లు మార్చి ప్రింటు తీస్తున్నాం.

ప్రభుత్వం కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించినప్పుడు, ఆ సొమ్ము ఉంటున్నవాడిదా ఇంటి ఓనరుదా అని మెట్ల మీద కొట్టుకున్నవాళ్లు కూడా మనకు తెలుసు. అగ్రిమెంటు కాగితమే లేనివాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

రెండోది, నాకు అన్నిటికన్నా ఆసక్తిగా ఉండేది, 'యాక్ట్ ఆఫ్ గాడ్' వాదన, అంటే ఇది దైవికంగా వచ్చిన విపత్తు, మా బాధ్యత లేదు అనడం. ఈ డిఫెన్సుకు మన తెలుగు నేల మీద పాత చరిత్రే ఉంది. కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానకు తెగి మద్రాసు రైల్వే కంపెనీ లైనుకు నష్టం జరిగింది. కంపెనీ దావా వేసింది. 1874లో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ జమీందారు పక్షాన తేల్చింది. చెరువులు తరతరాల సాగునీటి వ్యవస్థలో భాగం, వాటిని ఉంచి కాపాడటం ఆయన విధి, నిర్లక్ష్యం చూపలేదు, కాబట్టి బాధ్యత లేదు అన్నది తర్కం. ఇంగ్లండ్‌లో అప్పటికే ఉన్న కఠిన బాధ్యత సూత్రాన్ని (నిర్లక్ష్యం లేకపోయినా నష్టానికి బాధ్యుడే అనేదాన్ని) ఇక్కడి చెరువులకు అంటించలేదు. నా దృష్టిలో ఆ తీర్పు అప్పటికి సబబే.

ఇప్పుడు ఆ తర్కాన్ని బుడమేరు పక్కన పెట్టి చూడండి. బుడమేరును బెజవాడ దుఃఖదాయిని అని ఊరంతా పిలుస్తుంది. 2005లో ఒకసారి ముంచింది. కృష్ణకు 2009 అక్టోబర్‌లో దాదాపు 11 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఇన్నిసార్లు చూశాక 2024 వరదను ఎవరూ ఊహించలేరని అఫిడవిట్‌లో ఎలా రాస్తారు? యాక్ట్ ఆఫ్ గాడ్ నిలబడాలంటే అది మానవ ప్రమేయం లేనిదై ఉండాలి, తగిన జాగ్రత్తతో ముందే కనిపెట్టి ఆపలేనిదై ఉండాలి. గుజరాత్‌లో డ్యామ్ నుంచి వదిలిన నీటికి తోటలు పోగొట్టుకున్న రైతుల కేసులో 2016లో సుప్రీంకోర్టు, నీళ్లు వదలక తప్పలేదని రుజువు చేసే బరువు ప్రభుత్వం మీదే పెట్టింది. అంటే గేట్ల లాగ్‌బుక్కు, వాన హెచ్చరిక వచ్చిన టైము, గట్టుకు చివరిసారి రిపేరు చేసిన బిల్లు, ఇవన్నీ ఇక సాక్ష్యాలే. వాతావరణ శాఖ సూచనలు ఎంత కచ్చితంగా వస్తుంటే, ముందు తెలియదనే వాదన అంత పలచబడుతుంది. ఇది ఒక్క ప్రభుత్వానికే కాదు. సెల్లారు తవ్విన బిల్డరుకు, గోడౌన్ అద్దెకిచ్చిన ఓనరుకు, సరుకు నిల్వ చేసిన కోల్డ్ స్టోరేజీకి కూడా ఇదే గతి.

బిల్డరు మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) సెక్షన్ 6లో వరద, తుపాను వస్తే ప్రాజెక్టు గడువు పొడిగించుకోవచ్చని ఉంది. అంటే వరద బిల్డరుకు సాకుగా పనికొస్తుంది. కొనేవాడికి మాత్రం ఈ స్థలంలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చెప్పే కాలమ్ మన సేల్ అగ్రిమెంట్లలో కనపడదు. ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 55(1)(ఎ) ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్య లోపాన్ని అమ్మేవాడు చెప్పాలి. ముంపు చరిత్ర ముఖ్య లోపమే అని నా వాదన. అవతలి లాయరు "సింగ్‌నగర్ మునుగుతుందని బెజవాడలో ఎవరికి తెలియదండీ" అంటాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఫ్లాటు కొన్నవాడికి తెలియదు. ఈ పాయింటు మీద ఎవరైనా ఒక మంచి దావా వేస్తే బాగుణ్ణని ఎదురుచూస్తున్నాను.

బీమా గురించి క్లుప్తంగా. వరదలో మునిగిన బండికి థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. కాంప్రహెన్సివ్ ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేశారు కాబట్టి ఇంజన్ పోయింది, ఇది నేరుగా జరిగిన నష్టం కాదు అని సర్వేయర్ రాస్తాడు. ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా కొనాలని అమ్మినప్పుడు ఎవరూ చెప్పరు. అక్కడే సేవా లోపం వాదనకు దారి ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్లే గడువు. ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు. హౌసింగ్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు ఇంటికి పాలసీ అంటగట్టి ఉంటుంది. అది 'భారత్ గృహ రక్ష' అయితే వరద కవరవుతుంది, సామానుకు కూడా ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు, తనంతట తానే కవర్ ఉంటుంది. ఫ్రిజ్, మంచం, కుట్టు మిషను పోగొట్టుకున్న క్లయింటును ముందుగా లోన్ కాగితాలు తెమ్మని అడగండి.

ఇక గుంటూరు వైపు. పొలం మునిగితే పరిహారం ఎవరికి అన్న ప్రశ్న డెల్టాలో ఎప్పుడూ ఉన్నదే, వాతావరణం దాన్ని ఏటా జరిగే తగాదాగా మార్చేసింది. సాగు చేసేది కౌలు రైతు. పాస్ పుస్తకం భూయజమానిది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద రైతుకు సాగు హక్కు కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు వస్తుందేమోనని యజమానికి భయం, అడిగితే వచ్చే ఏడాది కౌలు ఇవ్వడేమోనని రైతుకు భయం. కార్డు లేకపోతే ఇన్‌పుట్ సబ్సిడీ లేదు, పంట రుణం లేదు, బీమా లేదు. విపత్తు సాయానికి పంట నష్టం 33 శాతం ఉండాలన్న నియమం సరే, ఆ 33 శాతం ఎవరి పేర రాస్తారన్నది అసలు తగాదా. మనం ఇద్దరి తరఫునా వకాల్తా వేస్తాం కాబట్టి ఇద్దరి భయమూ మనకు తెలుసు. కార్డు పదకొండు నెలల సాగు హక్కుకే తప్ప భూమి హక్కుకు కాదని యజమానికి నచ్చజెప్పే ఒక పేజీ కాగితం, మన సంతకంతో, ప్రతి మండలంలో పంచితే ఏ సర్క్యులర్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

బీమా నిబంధనలు ఇంకో తంటా. పంట నష్టాన్ని 72 గంటల్లో తెలియజేయాలి. మూడు రోజులు ఊరే నీళ్లలో ఉంటే, టవర్ పనిచేయకపోతే, ఎవరికి తెలియజేస్తాడు? వరి ముంపును పంట బీమా పథకంలోని స్థానిక విపత్తుల జాబితా నుంచి 2018లో తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తామని కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది. మధ్యలో మునిగిన పైర్ల సంగతి అడిగినవాడు లేడు.

వరద గురించే మాట్లాడుతూ ఎండను మరిచిపోకూడదు. వరదకు హెలికాప్టర్లు వస్తాయి, ఎండకు ఎవరూ రారు. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,369 మంది వడదెబ్బకు పోయారని ప్రభుత్వ లెక్క. గుంటూరు మిర్చి యార్డులో సీజను పీక్‌లో ఉండేది ఎండలు ముదిరే నెలల్లోనే. ముఠా కూలీలు ఆ ఘాటులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తారు. ఎవరైనా కుప్పకూలితే కేసు ఎవరి మీద వేయాలి? కమీషన్ ఏజెంటా, సరుకు కొన్న వ్యాపారా, యార్డా, ముఠా మేస్త్రీయా? యజమాని ఎవరో తేలనిదే ఉద్యోగ పరిహారం అడిగే దారిలో ఒక్క అడుగు పడదు. పాత ఫ్యాక్టరీల చట్టం పనిచేసే గదిలో ఉష్ణోగ్రత గురించి మాట్లాడింది, ఆకాశం కింద పనిచేసేవాడి గురించి కాదు. పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఎండ ఇంత దాటితే పని ఆపాలి, నీడ, నీళ్లు, విరామం ఇవ్వాలి అని రాష్ట్ర నియమాల్లో రాయించుకోవడానికి ఇదే సమయం. పైగా వడదెబ్బ చావును రెవెన్యూ, పోలీసు, వైద్యాధికారి కలిసి నిర్ధారిస్తేనే ప్రభుత్వ సాయం. కుటుంబం ఏడుస్తూ పోస్టుమార్టం వద్దంటుంది. కాగితం మీద గుండెపోటు అని పడితే తర్వాత మనం ఎంత వాదించినా లాభం లేదు. ఆ రోజు ఫోన్ చేసి "పోస్టుమార్టం అడగండమ్మా" అని చెప్పేవాడు ఉండాలి. (మన కోటు సంగతి వేరే. వేసవిలో కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ చెప్పినా మే నెలలో వేసుకుని చెమటలు కక్కే సీనియర్లు మనకు కొత్త కాదు.)

బుడమేరు ఆక్రమణల గురించి రాయాలంటే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే మనలో కొందరం తొలగింపు కోరేవాళ్ల తరఫున ఉన్నాం, కొందరం ఆ ఇళ్లవాళ్ల తరఫున. 2024 నవంబర్ 13న బుల్డోజర్ కేసులో సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు లేకుండా కూల్చకూడదంది. మనవాళ్లు సంబరపడ్డారు. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, జలవనరుల మీద ఉన్న కట్టడాలకు ఆ రక్షణ లేదని అదే తీర్పులో ఉంది. అంటే బుడమేరు గట్టు మీద ఇరవై ఏళ్లుగా కరెంటు బిల్లు, ఇంటి పన్ను కడుతున్నవాడికి ఆ నోటీసు హక్కు కూడా సందేహమే. వాగు దారి వాగుకు వదలాల్సిందే అన్నదాంట్లో నాకు రెండో మాట లేదు. కానీ పన్ను కట్టించుకున్న చేత్తోనే, వేరే చోటు చూపకుండా, తెల్లవారుజామున జేసీబీ పంపడం కుదరదు. జీవనోపాధి జీవించే హక్కులో భాగమేనని 1985లో ఓల్గా టెలిస్ కేసులోనే సుప్రీంకోర్టు అంది. ముందు పెద్ద కట్టడాల నుంచి మొదలుపెట్టమనే ధైర్యం మన వాదనల్లో ఉండాలి.

రాజ్యాంగం వైపు పెద్దగా చెప్పను. 2024 మార్చి 21న ఎం.కె. రంజిత్‌సింహ్ కేసులో సుప్రీంకోర్టు వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణల్లో ఉందని చెప్పింది. అది బట్టమేక పక్షి కేసులో వచ్చింది, పైగా ఆ పక్షి కోసం కరెంటు లైన్ల మీద పెట్టిన ఆంక్షలను సడలిస్తూ వచ్చింది. అయినా తీర్పులో ఆ మాట ఉంది. 2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం కూడా దేశాల బాధ్యతపై సలహా అభిప్రాయం ఇచ్చింది. రిట్లలో వాడుకోండి. కృష్ణా జలాల సంగతి ఒక్క మాట: బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల పాత ప్రవాహ రికార్డు చూసి నూటికి 75 ఏళ్లు ఖాయంగా వచ్చే నీరు 2,060 టీఎంసీలని లెక్క కట్టింది. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 47 ఏళ్ల రికార్డు తీసుకుంది. నది రేపు కూడా నిన్నటిలాగే పారుతుందన్న ఊహ రెండింటిలోనూ ఉంది. అది వాదించే పెద్దలు చూసుకుంటారు.

మన స్థాయిలో వెంటనే దెబ్బతినేది సాక్ష్యం, గడువు. భారతీయ సాక్ష్య అధినియమం 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. సరిగ్గా రెండు నెలలకు వరద. ఫోన్లలో తీసిన ఆ వీడియోలన్నీ సెక్షన్ 63 సర్టిఫికెట్, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువతో సహా ఉంటేనే ఎగ్జిబిట్ అవుతాయి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన క్లిప్పు పనికిరాదు, తీసిన ఫోను కావాలి. క్లయింట్లు ఈలోపు ఫోన్లు మార్చేశారు. నానిపోయిన దస్తావేజుల బదులు సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకోవచ్చు, అన్‌రిజిస్టర్డ్ కాగితాలకు ఆ దారీ లేదు. గడువు ఇంకా కష్టం. కాలపరిమితి చట్టంలో ఆలస్యాన్ని మన్నించే సెక్షన్ 5 దావాలకు వర్తించదు. కోర్టు మూసి ఉంటే సెక్షన్ 4 ఆదుకుంటుంది. కోర్టు తెరిచే ఉండి, కక్షిదారు మాత్రం మేడ మీద నీళ్ల మధ్య చిక్కుకుపోతే? కోవిడ్‌కు సుప్రీంకోర్టు తనంతట తాను గడువు పొడిగించింది. ముంపు మండలాలకు అలాంటి పొడిగింపు కోసం చట్ట సవరణ అడగాల్సింది బార్ అసోసియేషన్లే.

అందుకే రెండు నగరాల బార్ అసోసియేషన్లకు నా విన్నపం. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987 సెక్షన్ 12(ఇ) చూడండి. వరద, కరువు బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. విపత్తు బాధితుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) పథకం 2010 నుంచి ఉంది. 2024లో పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు పంచిన లాయర్లు చాలామంది ఉన్నారు, చేతులెత్తి దండం. ఈసారి పొట్లాలతో పాటు ఒక బల్ల, ఇద్దరు జూనియర్లు, ఒక స్కానర్ కూడా పంపుదాం. క్లెయిమ్ ఫారం నింపడానికి, ఫోన్ వీడియోకు సర్టిఫికెట్ రాయడానికి, కార్డు లేని కౌలు రైతు పేరు లిస్టులో చేర్చమని అర్జీ పెట్టడానికి.

రుతుపవనాలు వచ్చేలోపు అద్దె అగ్రిమెంటుకు, సేల్ అగ్రిమెంటుకు, కౌలు కాగితానికి ముంపు క్లాజుల నమూనా తయారుచేయడానికి ఐదారుగురు కూర్చుంటే చాలు. అద్దె క్లాజు ముసాయిదా నా దగ్గర ఉంది. వచ్చే జనరల్ బాడీ ఎజెండాలో ఈ అంశం పెట్టమని సెక్రటరీలను కోరుతున్నాను. ఎన్నికల గొడవ అయ్యాక చూద్దాం అంటారేమో. వాన మన ఎన్నికల కోసం ఆగదు.

ఇట్లు,
మీ తోటి న్యాయవాది,
విజయవాడ